బొమ్మ వలయును, బొమ్మ గీయు చేయి వలదు

పెండ్లిచూపులకు వెళ్లివచ్చినవారు ఇల్లు చేరి చెప్పు మాటలలో "పిల్ల బాపు బొమ్మవలె నున్నది" యనుదానికి మించిన ప్రశంస మన తెలుగునాట లేదు. వాలుజడయు, విశాలమగు కన్నులును, ముఖమున తొణికిసలాడు చిరునవ్వును ఆ ఒక్క మాటలో ఇమిడియున్నవి. ఆ మాట చెవిని బడిన తల్లిదండ్రులు మురిసిపోవుదురు. అయితే ఆ పిల్లయే ముందునకు వచ్చి, "నేను బాపు బొమ్మను గాను, బాపువలె బొమ్మలు గీయుదానను, అదియే నా వృత్తి" యని పలికినచో ఆ యింట నెట్టి నిశ్శబ్దము కమ్ముకొనునో పాఠకులు తమ తమ యిండ్లను తలచుకొని చెప్పవలయును. బొమ్మ మనకు వలయును. బొమ్మ గీయు చేయి మనకు వలదు. మేమీ వ్యాసమున ఖండింపబూనినది ఈ రెండునాల్కల నీతినే.

ఈ నీతి ఇంటితో ముగియునది కాదు. ఇంటినుండి పాఠశాలకును, పాఠశాలనుండి పత్రికాలయమునకును, అచ్చటినుండి హైదరాబాదున జూబిలీహిల్సును ఆనుకొనియున్న కృష్ణానగరు సందులకును ప్రాకిపోయినది. ఇంటిలో ఆ చేతిని పట్టి ఆపుదురు. పాఠశాలలో ఆ చేతికి ఒక గంట కాలమైనను ఇయ్యరు. కృష్ణానగరులో ఆ చేతిచే పని చేయించుకొని పేరు నియ్యరు. ఈ మూడు దోషములకును మూలమొక్కటియే. చిత్రము చూచువానికి వినోదము గనుక గీయువానికిని వినోదమే యని మన మనుకొనుచున్నాము. అది శ్రమ యనియు, విద్య యనియు, బ్రతుకుదెరువనియు మనకు తట్టదు.

"బాపుగారి మాట వేరు, ఆయన మహానుభావులు" అని కొందరు వెంటనే అడ్డుపడుదురు. మహానుభావుడని మ్రొక్కుట మన జాతికి మిక్కిలి సులభమైన పని. మ్రొక్కినవానిని అనుసరింప నక్కరలేదు గదా! కావున ఆయన జీవితమును మ్రొక్కుటకు గాక లెక్కించి చూచుటకు ముందునకు తెచ్చుచున్నాము.

సత్తిరాజు లక్ష్మీనారాయణగారు 1933 డిసెంబరు 15న నరసాపురమున జన్మించిరి. మద్రాసులో చదివి న్యాయశాస్త్రపట్టమును పొందిరి. కాని లోకము ఆయనను న్యాయవాదిగా ఎరుగదు, బాపుగా ఎరుగును. ఆ చేయి చేసిన పనులెన్ని! పత్రికలకు రాజకీయ వ్యంగ్యచిత్రములను గీచినది. కథలకును నవలలకును బొమ్మలు కూర్చినది. పుస్తకములకు ముఖచిత్రములను వేసినది. వాణిజ్యప్రకటనల సంస్థలో కొలువు చేసినది. 1967లో "సాక్షి" మొదలుకొని 2011లో "శ్రీరామరాజ్యము" వరకు తెలుగు, హిందీ, తమిళ భాషలలో సుమారు 50 చలనచిత్రములకు దారి చూపినది. నందమూరి తారకరామారావుగారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున బడిపిల్లలకొరకు వీడియోపాఠములను తయారుచేసినది. తుదకు ఆ చేతివ్రాతయే అచ్చక్షరమై నేటికిని మన శుభలేఖలమీద నిలిచియున్నది. 2014 ఆగస్టు 31న చెన్నపట్టణమున ఆ చేయి విశ్రమించినది. "బొమ్మలు కూడు పెట్టునా?" యని యడుగు తండ్రులకు మా ప్రత్యుత్తరమిది: చేయి ఒక్కటియే, దాని వృత్తులు పెక్కు. కూడు పెట్టనిది బొమ్మ కాదు. పని చేయించుకొని కూలి యెగవేయు ఆచారము.

ఇది నేటి వింతవిద్యయు గాదు. 1930 ప్రాంతముననే తలిశెట్టి రామారావుగారు "భారతి" పత్రికలో వ్యంగ్యచిత్రములను ప్రకటించిరి. దాదాపు నూరేండ్ల చరిత్ర గల విద్యను ఇంకను "పిచ్చిగీతలు" అనుట మన అజ్ఞానమే గాని ఆ విద్య లోపము గాదు.

ఇక స్నేహము విషయము. బాపుగారి మాట వచ్చినంతనే ముళ్లపూడి వెంకటరమణగారి మాట రాక మానదు. రమణగారు 1931 జూన్ 28న ధవళేశ్వరమున జన్మించిరి. ఇరువురును చిన్ననాటనే మద్రాసున కలిసికొనిరి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారును అక్కయ్య కామేశ్వరిగారును నడపిన "బాల" పత్రిక ఆ బాలురకు తొలి పందిరియైనది. తరువాత రమణగారి "బుడుగు"నకు బాపుగారు రూపమిచ్చిరి. ఆ పిల్లవాని మాటలు రమణగారివి. ఆ మాటలాడు ముఖము బాపుగారిది. నేడు ఆ మాటలు చదువుచు ఆ ముఖమును తలపక యుండగల తెలుగువాడు కలడా? రెండు కుటుంబములును చెన్నపట్టణమున ఒకే యింట నివసించినవి. రమణగారు 2011 ఫిబ్రవరి 24న గతించిరి. ఆయన వ్రాసిన "శ్రీరామరాజ్యము" అదే సంవత్సరము నవంబరులో ప్రదర్శితమైనది.

ఈ స్నేహమునుగూర్చి మన సభలలో చేయబడు ఉపన్యాసములు మాకు విసుగు పుట్టించుచున్నవి. "రెండు దేహములు, ఒకే ప్రాణము" అందురు. "ఎవరెక్కడ ముగిసిరో ఎవరెక్కడ ఆరంభించిరో తెలియదు" అందురు. వినుటకు ఇంపుగానే యుండును. కాని అది అసత్యము, అపకారము కూడ. ఎవరెక్కడ ముగిసిరో చక్కగా తెలియును. కథయు మాటలును రమణగారివని చిత్రారంభమున పేరు కలదు. దర్శకత్వము బాపుగారిదని పేరు కలదు. బాపుగారు చలనచిత్రమున ప్రవేశింపకముందే రమణగారు "రక్తసంబంధము", "మూగమనసులు" మున్నగు చిత్రములకు రచన చేసి పేరెన్నికగన్నవారు. ఆయన మిత్రుని నీడ గాదు. మిత్రుడును ఆయన నీడ గాదు.

వ్యాకరణము చదివినవారు మా మాటను సులభముగా గ్రహింతురు. "రామలక్ష్మణులు" అనునది ద్వంద్వసమాసము; అందు రెండు పదముల అర్థములును సమానముగా ప్రధానములు. "రాజభటుడు" అనునది తత్పురుషము. అందు వెనుకటి పదమే ప్రధానము, ముందటిది దానికి విశేషణమై ఒదిగియుండును. "పీతాంబరుడు" అనునది బహువ్రీహి. అందు పచ్చదనమును ప్రధానము గాదు, వస్త్రమును ప్రధానము గాదు, వాని రెంటిని ధరించు మూడవవాడు ప్రధానుడు. బాపు-రమణలు అనునది ద్వంద్వము. కావుననే అది అరువదియేండ్లకు పైగా నిలిచినది. మన పత్రికాలయములలోను, చలనచిత్రపరిశ్రమలోను జరుగు కూడికలలో పెక్కు బహువ్రీహులు. వ్రాసినవాడును మరుగుననే, గీచినవాడును మరుగుననే. వారి పనిని ధరించి నిలుచు మూడవవాడే లోకమునకు కనబడును.

"చందమామ"ను తలచుకొందము. 1947 జూలైలో నాగిరెడ్డి-చక్రపాణిగారలు స్థాపించిన ఆ పత్రిక తెలుగుబిడ్డలకు చదువుట నేర్పినది. దాని ఋణము తీరునది కాదు. అందు దశాబ్దములపాటు వచ్చిన "తోకచుక్క" మొదలగు జానపద ధారావాహికలను ఇంటింట పిల్లలును పెద్దలును పెనుగులాడి చదివిరి. ఆ కథలకు "చిత్రా"గారు వేసిన బొమ్మల క్రింద ఆయన సంతకము కనబడెడిది. కథ వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు మాత్రము అచ్చుపడలేదు. తరములు మారిన తరువాతగాని, అప్పటికే ముదుసలియైన ఆ రచయితను పాఠకలోకము పేరుపెట్టి పిలువ నేర్చుకొనలేదు. ఒకచోట గీచినవాని పేరు లుప్తము, ఇంకొకచోట వ్రాసినవాని పేరు లుప్తము. మేము చిత్రకారుని పక్షమున రచయితతో కలహించుటకు వచ్చినవారము గాము. ఎవని పనికి వాని పేరు, ఇది మా సిద్ధాంతము.

ఇప్పుడు కృష్ణానగరునకు పోదము. చలనచిత్రపరిశ్రమ మద్రాసునుండి మెల్లమెల్లగా హైదరాబాదునకు తరలివచ్చిన పిమ్మట, కొండమీద జూబిలీహిల్సున నిర్మాతల భవనములును, ఫిలింనగరున కార్యాలయములును, కొండ దిగువ కృష్ణానగరున ఆశావహుల అద్దెగదులును వెలసినవి. నటులు కాదలచినవారు, సహాయదర్శకులు, పాటలు కట్టువారు, బొమ్మలు గీయువారు ఒక్క గదిలో నలుగురైదుగురు చొప్పున నచ్చట నివసింతురు. ఉదయమున వీధిమొగల నిలిచి నాటి షూటింగునకు పిలుపుకొరకు ఎదురుచూచువారిని దారినపోవువా రెల్లరును చూచియుందురు.

వీరిలో స్టోరీబోర్డు గీయువారి పని విశేషమైనది. ఒక సన్నివేశమును కెమెరా ఏ దిక్కునుండి చూడవలయును, నటుడెచ్చట నిలువవలయును, వెలుగు ఎటనుండి పడవలయును అనుదానిని తీయకముందే బొమ్మల వరుసగా గీచి చూపుట ఆ పని. బాపుగారు తమ చిత్రములకు దీనిని తామే చేసికొనెడివారు; వారి స్క్రిప్టుపుస్తకములలో మాటల సరసన ప్రతి దృశ్యమునకు చిన్నబొమ్మ యుండెడిది. వ్యంగ్యచిత్రము గీచు చేయికే ఈ పని సహజముగా అబ్బును; ఏలయన చిన్న చదరములో ఏది ఉంచవలయునో, ఏది విడువవలయునో ఆ చేతికి తెలియును. నేడు కోట్ల వ్యయముతో తీయు చిత్రములకు ఈ బొమ్మల వరుస ఇంటికి పునాదివంటిది. పునాది త్రవ్వినవాని పేరు గృహప్రవేశమునాడు ఎవరడుగుదురు?

మా పూర్వశిష్యులలో నొకడు ఇట్టి పనికి కుదిరి, ఒక చిత్రమునకు నెలల తరబడి వందలకొలది బొమ్మలు గీచెను. మాటలన్నియు నోటిమాటలే. "మనమంతా ఒక్క కుటుంబము" అని చెప్పి భోజనము పెట్టిరి, దారిఖర్చు లిచ్చిరి. చిత్రము విడుదలయైన నాడు వాడు తన గదిలోనివారి నందరిని వెంటబెట్టుకొనిపోయి, తుదివరకు కూర్చుండి, పైకి ప్రాకు పేర్లనన్నిటిని చదివెను. వానిలో వాని పేరు లేదు. "పేరు లేకున్న నేమి, పని నేర్చుకొంటివి గదా" యని వానికి పెద్దలు బుద్ధిచెప్పిరి. పని నేర్చినది వాడొక్కడేనా? పని చేయించుకొనువారు ఏమి నేర్చుకొనిరి? మరల అట్లే చేయవచ్చునని నేర్చుకొనిరి.

"స్నేహితులమధ్య కాగితమేల?" అనునది ఇచ్చట తరచుగా వినబడు మాట. కాగితము స్నేహమునకు శత్రువని మనవారి నమ్మకము. వివాహమునకు లగ్నపత్రిక వ్రాసికొనువారము, పొలము కౌలునకు ఇచ్చునపుడు బంధువునైనను సంతకమడుగువారము, బొమ్మల విషయమున మాత్రము కాగితమును చూచి ఏల సిగ్గుపడవలయును? స్నేహము చెడునది కాగితమువలన గాదు; కాగితము లేనందున పుట్టిన అనుమానమువలన. "ముత్యాలముగ్గు"ను చూడుడు. 1975లో వచ్చిన ఆ చిత్రమునకు నిర్మాత నూజివీడు కళాశాలలో తెలుగు బోధించిన ఎం.వి.ఎల్.గారు, రచన రమణగారిది, ఛాయాగ్రహణము ఇషాన్ ఆర్యగారిది, సంగీతము కె.వి. మహదేవన్‌గారిది, పాటలకు ఆరుద్రగారును, గుంటూరు శేషేంద్రశర్మగారును చేయి కలిపిరి. వీరందరి పేర్లు లోకమునకు తెలియును. ఛాయాగ్రహణమునకు ఇషాన్ ఆర్యగారికి జాతీయ పురస్కారము లభించినది. ఇందువలన బాపుగారి కీర్తి యొక్క రవ్వంత తగ్గినదా? నలుగురి పేర్లు నిలిచినందున పదిమంది గౌరవము పెరిగినది.

"సొమ్మిచ్చినవానిదే సొత్తు" అనునది రెండవ వాదము. ఇందు సగము మాత్రమే సత్యము. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, జీతమునకు కొలువున్నవాడు కొలువులో భాగముగా చేసిన పనికి, వేరు ఒడంబడిక లేనియెడల, యజమానియే తొలి హక్కుదారు. నిజమే. కాని హక్కును మరియొకరికి బదలాయించు పత్రము వ్రాతపూర్వకముగా, ఇచ్చువాని సంతకముతో ఉండితీరవలయునని అదే చట్టపు 19వ సెక్షను చెప్పుచున్నది. అంతకంటె ముఖ్యమైనది 57వ సెక్షను. హక్కులన్నియు అమ్మివేసిన పిమ్మటను, "ఇది నా కృతి" యని చెప్పుకొను అధికారము కర్తకు మిగిలియే యుండునని అది చాటుచున్నది. అనగా బొమ్మను కొనవచ్చును గాని, "గీచినది నేను" అను మాటను కొనరాదు. చట్టము ఇంత స్పష్టముగా నున్నను కృష్ణానగరు గదులలో దీని నెరిగినవారు అరుదు. ఎరిగినవాడును నోరెత్తిన మరునాడు పిలుపు రాదను భయమున మిన్నకుండును. చట్టము నెరిగినవారు నోరెత్తుట కవకాశము లేనిచో అది పుస్తకమున చచ్చిన అక్షరమే.

ఈ నడుమ క్రొత్త చిక్కొకటి వచ్చిపడినది. నాలుగు మాటలు వ్రాసినచో క్షణములో బొమ్మను దించిపెట్టు యంత్రములు వచ్చినవి. "ఫలానా చిత్రకారుని పోలికలో" అని అడిగినను దించును. ఇక చేయితో పనియేమి అని కొందరు సంబరపడుచున్నారు. ఆ యంత్రములు గీయ నేర్చినది వేలకొలది చిత్రకారులు జీవితమంతయు గీచిన బొమ్మలను చూచియేనని వీరు మరచుచున్నారు. చేయికి పేరు నియ్యని అలవాటు మనకు ముందే లేకున్నచో, ఈ దోపిడిని చూచి మనము ఉలికిపడియుండెడివారము. అలవాటు ఉన్నది గనుకనే అది మనకు సౌకర్యముగా తోచుచున్నది.

తిరిగి ఇంటికి వత్తము. ఏలయన ఈ వ్యాధికి పుట్టిల్లు ఇల్లే. ఆడుపిల్లల విషయమున మన దోషము రెట్టింపు. విశాఖపట్టణమున రాగతి పండరిగారు చిన్ననాటనే పోలియోకు లోనైనను, స్త్రీలు దాదాపు కానరాని వ్యంగ్యచిత్రరంగమున ప్రవేశించి, వేలకొలది బొమ్మలతో తెలుగు పత్రికలను నవ్వించిరి. ఆమె 2015లో మరణించిరి. "బాపు బొమ్మ" యను మాట ఎరుగని తెలుగిల్లు లేదు. పండరిగారి పేరెరిగిన ఇండ్లెన్ని? గీయబడిన స్త్రీని గుర్తుంచుకొన్నాము, గీచిన స్త్రీని మరచితిమి. ఇంతకంటె మా వాదమునకు వేరు సాక్ష్యమేల? ముగ్గు పెట్టు చేయిని వాకిట మెచ్చుకొని, అదే చేయి కాగితముమీద నడచిన "కాలము పాడుచేయుచున్నావు" అనుట ఎంతటి అవివేకము!

పాఠశాలలను గూర్చి ఉపాధ్యాయవృత్తియందున్న మేము చెప్పక తప్పదు. చిత్రలేఖనపు గంట కాలపట్టికలో నుండును; పరీక్షలు దగ్గరపడగానే లెక్కల గంట దానిని మ్రింగును. కళలకును శాస్త్రములకును నడుమ గట్టిగోడ లుండరాదని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పినది. గోడ కాగితముమీద కూలినది. కాలపట్టికలో నిలిచియే యున్నది. లెక్కల నోటుపుస్తకపు చివరిపుటలో ఉపాధ్యాయుని ముక్కును పొడవుగా గీచిన బాలుని మనము దండింతుము. ఆ ముక్కులోని నిజమును వాడు పట్టుకొన్నాడని సంతోషించు ఉపాధ్యాయు డెవడు? వ్యంగ్యచిత్రము పెద్దవాని గర్వమును చిన్నవాని కంటితో చూచు విద్య. దానిని సహింపలేని పాఠశాల, దానిని సహింపలేని ఇల్లు, దానిని సహింపలేని ప్రభుత్వము ఒక్క గూటి పక్షులే.

కాబట్టి పాఠకసోదరీసోదరులకు మా విన్నపములు. మీ బిడ్డ గీచినచో నాపకుడు. గీచిన బొమ్మ క్రింద పేరును తేదీని వ్రాయుట నేర్పుడు, అదియే వృత్తిధర్మమునందు తొలిపాఠము. బడికి పోయినప్పుడు లెక్కల మార్కులతోపాటు చిత్రలేఖనపు గంట ఏమైనదో యడుగుడు. పుస్తకమును కొనినప్పుడు బొమ్మలు వేసినవారి పేరు వెదకుడు. లేనిచో ప్రకాశకులకు ఒక ఉత్తరము వ్రాయుడు. చిత్రము చూడబోయినప్పుడు పేర్లు పైకి ప్రాకుచుండగా లేచిపోకుడు. ఆ చీకటిలో తన పేరుకొరకు వెదకు పిల్లవాడొకడు కూర్చుండియుండవచ్చును. నిర్మాతలకు మేము చేయు హితవు ఇంకను చిన్నది: పనికి ముందే ఒక పుట ఒడంబడిక వ్రాయుడు, పని, కూలి, పేరు ఈ మూడింటిని అందు చేర్చుడు. కోట్ల వ్యయమున కాగితమొకటి పెనుభారము గాదు.

బాపుగారి విగ్రహములు పెట్టుదము, జయంతులు జరుపుదము, ఆయన అక్షరములతో శుభలేఖలు అచ్చువేయింతము. మాకు అభ్యంతరము లేదు. కాని ఆ శుభలేఖలో వధువుగా నిలిచిన పిల్ల అత్తవారింట కుంచె పట్టుటకు అనుమతి అడుగవలసియున్నంతకాలము, కృష్ణానగరున గీచినవాని పేరు గీచిన కాగితముతోనే చిత్తుబుట్ట చేరుచున్నంతకాలము, ఆ పూలదండలన్నియు బొమ్మకు వేసినవే గాని చేయికి వేసినవి గావు.